ముందే పండిన ఊపిరి

“ఊపిరితిత్తులు మేం అనుకున్నదానికంటే ముందే పండాయి,” అంది పిల్లల డాక్టరు.

నెలలు నిండని పిల్లల వార్డులో, కిటికీ పక్కన ఉన్న గాజుపెట్టె దగ్గర నిలబడి ఆమె ఈ మాట చెప్పింది. పెట్టెలో ఉన్న పిల్లవాడు కిందటి రోజు పుట్టాడు. ఏడో నెల ఇంకా నిండలేదు. బరువు కిలోకి తక్కువ. అంత ముందుగా పుట్టినవాళ్ళలో చాలామందికి గొంతులోకి గొట్టం వేసి మరతో ఊపిరి పోయించాల్సి వస్తుంది. వీడికి ముక్కు దగ్గర పెట్టిన గాలిగొట్టం సరిపోయింది. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. నర్సులు అప్పటికే వాడికి పిడికెడు అని పేరు పెట్టారు.

డాక్టరు మాట విన్నవాళ్ళు ముగ్గురు. పిల్లవాడి తల్లి చక్రాల కుర్చీలో కూచుని ఉంది. తండ్రి సిటీబస్సు డ్రైవరు, డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు. నాన్నమ్మ ఇంట్లో కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.

“మరేమనుకున్నారు,” అంది నాన్నమ్మ. “మా ఇంటి ఊపిరి అది. వీడి తాత గురక పెడితే పక్కింటివాళ్ళు లేచి కూచునేవాళ్ళు.”

“అమ్మా, ఊరుకో,” అన్నాడు డ్రైవరు. కానీ నవ్వాడు. గుమ్మం బయటికి వెళ్ళి డిపోకి ఫోన్ చేశాడు. “పండాయంట రా. ముందే పండాయంట,” అని అతను అనడం లోపలికి వినిపించింది.

తల్లి నవ్వలేదు.

“ఎందుకు పండాయి?” అని అడిగింది.

డాక్టరు ఆమె వైపు తిరిగింది. మంచి కబురు చెప్పాక కారణం అడిగేవాళ్ళు ఆ వార్డులో తక్కువ.

“మీకు లోపల ఇన్‌ఫెక్షన్ వచ్చిందమ్మా. క్రిములు కిందినుంచి పైకి పాకి ఉమ్మనీటి సంచిలోకి చేరాయి. కడుపులో ఉన్న పిల్లాడు ఆ నీటినే లోపలికి పీలుస్తాడు, వదుల్తాడు. అట్లా అవి వాడి ఊపిరితిత్తుల దాకా వెళ్ళాయి. అక్కడ వాపొచ్చింది. గాలితిత్తుల లోపల సబ్బునీటి పొరలాంటి పూత ఒకటి ఉంటుంది. అది లేకపోతే తిత్తులు అతుక్కుపోతాయి. మామూలుగా ఆ పూత ఇంకో నెలన్నర, రెండు నెలలకి తయారవ్వాలి. వాపు తగిలేసరికి ఒళ్ళు కంగారుపడి ముందే తయారు చేసేసింది. అందుకే వీడు ఊపిరి తీసుకోగలుగుతున్నాడు.”

“అంటే కాటు పడి పండాయి.”

“ఏంటమ్మా?”

“ఏం లేదు మేడమ్. మరి తర్వాత ఏమవుతుంది?”

“తర్వాత సంగతి కాస్త వివరంగా చెప్పాలి,” అని డాక్టరు మొదలుపెట్టింది. అవతల ఇంకో పెట్టె దగ్గర అలారం మోగింది. “సాయంత్రం కూచుని మాట్లాడుకుందాం,” అంటూ అటు వెళ్ళింది. సాయంత్రం డ్యూటీకి వేరే డాక్టరు వచ్చాడు. మరునాడు పొద్దున వార్డులోకి కవలలు వచ్చారు. ఆ మాట సగంలో ఆగిపోయింది.

పిడికెడు తల్లి పండ్ల షెడ్డులో పనిచేస్తుంది. తోటల నుంచి వచ్చిన కాయను బల్ల మీద పోస్తారు. బల్లకు రెండు వైపులా ఆడవాళ్ళు నిలబడి ఏరుతారు. మామిడి, జామ, బొప్పాయి, ఏ కాలానికి ఏది వస్తే అది. ఏరినదాన్ని గంపల్లో సర్ది పండబెట్టే గదికి పంపుతారు. చెడ్డకాయను ఆమె కంటితో కంటే ముందు ముక్కుతో పట్టేస్తుందని షెడ్డులో పేరు. అందరూ ఆమెను ముక్కమ్మ అంటారు. మేస్త్రీ కూడా అలాగే పిలుస్తాడు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఆ షెడ్డులో అందరూ భయపడేది కాటుకాయకు. పండీగ కాయ మీద వాలి, తొక్కకు సూదిమొనంత కన్నం చేసి లోపల గుడ్లు పెడుతుంది. ఆ కాయ పక్కవాటికంటే ముందు రంగు తిరుగుతుంది. ముందు వాసన వస్తుంది. గంపలో అదే బాగుంటుంది. కొనేవాడి చెయ్యి ముందు దానిమీదికే పోతుంది. రెండు రోజులకు లోపల మెత్తబడుతుంది. ఊరికే మెత్తబడదు, పక్కవాటిని కూడా తొందరపెట్టి తనతోపాటు లాక్కుపోతుంది. అందుకని కాటుకాయను చూడగానే తీసి దూరంగా పెడతారు. తీసిన చేతిని గుడ్డకు తుడుచుకోకుండా ఇంకో కాయను ముట్టుకోరు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ముక్కమ్మ నేర్పే మొదటి పాఠం ఇదే. “అందరికంటే ముందు నవ్వేదాన్ని నమ్మకండే,” అని చెబుతుంది.

డాక్టరు చెప్పిన మాట ఆమె తలలోకి ఈ దారినే వెళ్ళింది. పిల్లవాడి ఊపిరితిత్తులు ముందే పండాయి. కాటు పడి పండాయి. కాటు వచ్చింది ఎక్కడినుంచి? తన లోపలి నుంచి. కాబట్టి కాటుకాయ పిల్లవాడు కాదు, తాను. పక్కన పెట్టాల్సింది తననే.

ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత వింత సంగతిగా ఆమెకు తోచలేదు. షెడ్డులో ఎవరైనా ఇదే చేస్తారు.

వార్డుకు రోజూ వచ్చేది. గాజుపెట్టెకు రెండు గుండ్రటి కిటికీలు ఉంటాయి, వాటిలోంచి చేతులు పెట్టి పిల్లలను తాకవచ్చు. మిగతా తల్లులు చేతులు పెట్టి కూచునేవాళ్ళు. ముక్కమ్మ అడుగు దూరంలో నిలబడి చూసేది. చేతులు మోచేతుల దాకా కడిగేది, మళ్ళీ కడిగేది, అయినా లోపల పెట్టేది కాదు.

“కాస్త తాకు తల్లీ, వాడేం కరవడు,” అనేది పెద్ద సిస్టర్. వార్డులో అందరికంటే పాత నర్సు ఆమె. నడుస్తుంటే చెప్పులు టపటపమంటాయి, ఆ చప్పుడు విని చిన్న నర్సులు ఫోన్లు దాచుకుంటారు.

“నా చేతులు గరుకు సిస్టర్.”

“నావేమన్నా పట్టుబట్టలా? తాకు.”

“రేపు తాకుతాలే.”

పాల విషయంలోనూ అంతే. వార్డు వెనక తల్లుల గది ఉంది. అక్కడ పంపుతో పాలు పిండి సీసాలో పట్టి ఇస్తే, నర్సులు సన్నటి గొట్టంతో పిల్లవాడి కడుపులోకి చుక్కలు చుక్కలుగా పోస్తారు. ముక్కమ్మ ఆ గదికి వెళ్ళేది. పాలు పిండేది. పిండకపోతే రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చేది. తర్వాత సీసాను తొట్టిలో వంచి, కుళాయి తిప్పి, ఖాళీ సీసాతో బయటికి వచ్చేది. పాలు రావడం లేదని చెప్పేది. పిడికెడుకు వేరే తల్లులు ఇచ్చిన పాలు పోసేవాళ్ళు.

“పాలు రాకపోవడమేంటే?” అంది అత్త, వార్డు బయట బెంచీ మీద. “నా కొడుక్కి రెండేళ్ళు ఇచ్చాను. అంత బస్సు తిప్పుతున్నాడంటే ఆ చలవే.”

“బస్సుకి పవర్ స్టీరింగ్ ఉంటుందమ్మా,” అన్నాడు డ్రైవరు.

“నోర్మూయ్. నీకేం తెలుసు. అమ్మాయ్, సరిగ్గా తింటున్నావా?”

“తింటున్నా అత్తా.”

“తింటే ఎక్కడికి పోతోంది మరి?”

ముక్కమ్మ గోడ మీద రాసిన చేతులు కడుక్కునే పద్ధతి వైపు చూస్తూ కూచుంది.

రెండో వారంలో పిల్లవాడికి ఆక్సిజన్ ఎక్కువ అవసరం కావడం మొదలైంది. పెట్టె పక్కన మరమీద ఒక అంకె ఉంటుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ ఎంతో అది చెబుతుంది. మొదటి వారమంతా ఆ అంకె మనం పీల్చే మామూలు గాలి దగ్గరే ఉంది. ఇప్పుడు పెరుగుతోంది. పిల్లవాడి పక్కటెముకల మధ్య చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి గుంజుకుంటోంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు మబ్బు పట్టినట్టు కనిపించాయని డ్యూటీ డాక్టరు చెప్పాడు. నాన్నమ్మ తాత గురక సంగతి మళ్ళీ ఎత్తలేదు. డిపో నుంచి ఫోన్ వస్తే డ్రైవరు, “చూడాలి రా,” అని పెట్టేస్తున్నాడు.

ముక్కమ్మకు ఆశ్చర్యం కలగలేదు. ముందు రంగు తిరిగింది, ఇప్పుడు మెత్తబడుతోంది అనుకుంది. తాను ముట్టుకోకపోయినా ఇలా అయిందంటే, ముట్టుకుని ఉంటే ఇంకెలా ఉండేదో అనుకుంది. మర్నాటి నుంచి నిలబడే చోటు ఇంకో అడుగు వెనక్కి జరిగింది.

ఒక మధ్యాహ్నం వార్డులో కుళాయి పాడైంది. పెద్ద సిస్టర్ గిన్నె కడగడానికి తల్లుల గదిలోకి వచ్చింది. ముక్కమ్మ తొట్టి దగ్గర నిలబడి ఉంది. చేతిలో సీసా వంగి ఉంది. సగం దాకా పాలున్నాయి.

“ఏం చేస్తున్నావు తల్లీ?”

“కడుగుతున్నా సిస్టర్.”

“పాలతోనా?”

ముక్కమ్మ సీసాను నిలబెట్టింది. పెద్ద సిస్టర్ గిన్నె కింద పెట్టి, వచ్చి కుళాయి కట్టేసింది. కోప్పడలేదు. కోప్పడేటప్పుడు ఆమె నడుము మీద చెయ్యి వేస్తుంది, వెయ్యలేదు.

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచే.”

“వాడు వద్దనుకున్నావా?”

“ఛ, అదేం మాట సిస్టర్!” ముక్కమ్మ గొంతు లేచింది. “వాడు బతకాలనే. నాది కాటు పడ్డ ఒళ్ళు.”

“కాటా? ఏం కరిచింది? పామా?”

“పాము కాదు. ఈగ.”

పెద్ద సిస్టర్ స్టూలు లాక్కుని కూచుంది. “నాకు అర్థమయ్యేలా చెప్పు. నేను పొద్దున్నుంచి టీ కూడా తాగలేదు.”

ముక్కమ్మ చెప్పింది. బల్ల, గంప, కాటుకాయ, చేతిగుడ్డ. డాక్టరు పండాయి అన్నది. క్రిములు తన నుంచే వెళ్ళాయి అన్నది. చెప్పడం అయ్యాక పెద్ద సిస్టర్ కాసేపు తొట్టిలోకి చూసింది. “ఇదంతా తప్పు అని నేను చెప్తే నువ్వు తలూపి, నేను పోగానే మళ్ళీ పారబోస్తావు,” అంది. “చెప్పాల్సిన మనిషిని తీసుకొస్తా. ఆ సీసా మాత్రం ఇటివ్వు.”

పిల్లల డాక్టరు వచ్చేసరికి అత్త కూడా వచ్చింది. ఇంటి నుంచి క్యారియరు తెచ్చి, కోడలు బెంచీ మీద లేకపోవడంతో వెతుక్కుంటూ గదిలోకి వచ్చేసింది. జరిగింది పెద్ద సిస్టర్ రెండు ముక్కల్లో చెప్పింది. అత్త క్యారియరు చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

డాక్టరు ముక్కమ్మ ఎదురుగా కూచుంది. వెంటనే పాఠం మొదలుపెట్టలేదు.

“మీ షెడ్డులో కాయను కోశాక అది పెరుగుతుందా?” అని అడిగింది.

“పెరగదు మేడమ్. కోసినప్పుడు ఎంతో అంతే. పండుతుంది, మెత్తబడుతుంది, పోతుంది.”

“చెట్టున ఉంటే?”

“చెట్టున ఉంటే పెరుగుతుంది. పెరిగాక పండుతుంది.”

“నేను పండాయి అనకుండా ఉండాల్సింది,” అంది డాక్టరు. “మేం చదువుకున్నప్పటి నుంచీ అదే మాట. పక్వం, పండటం. దాని వెనక ఇంకేదో ఉంటుందని నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఊపిరితిత్తి కోసిన కాయ కాదమ్మా. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా అది సగంలోనే ఉంటుంది. పుట్టాక చాలా ఏళ్ళు పెరుగుతూనే ఉంటుంది. పండటం వేరు, పెరగటం వేరు. మీవాడి విషయంలో మొదటిది ముందు జరిగిపోయింది. రెండోది దెబ్బ తింది. ఇదే నేను ఆ సాయంత్రం చెప్పాల్సింది.”

“దెబ్బ తింది అంటే?”

“ఊపిరితిత్తి మొదట్లో పెద్ద పెద్ద గదుల్లా ఉంటుంది. మధ్యలో అడ్డగోడలు లేస్తాయి. ఒక గది రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఎన్ని చిన్న గదులైతే అంత గాలి పడుతుంది. ఆ వాపు వల్ల ఏమైందంటే, గోడలకు పూత ముందే పూసేశారు, గోడలు కట్టే పని మాత్రం ఆపేశారు. గదులు తక్కువ, పెద్దవి. మొదటి వారం పూత వాణ్ణి కాపాడింది. ఇప్పుడు గదులు చాలడం లేదు. అందుకే ఆ అంకె పెరుగుతోంది.”

“మేస్త్రీలు మళ్ళీ వస్తారా?” అత్త అడిగింది.

డాక్టరు ఆమె వైపు చూసింది. “చాలావరకు వస్తారు. నెమ్మదిగా. అన్ని గదులూ కడతారని చెప్పలేను. వీడికి జలుబు చేసినప్పుడల్లా మనం భయపడాల్సి రావచ్చు. పరుగెత్తితే మిగతా పిల్లలకంటే ముందు ఆయాసం రావచ్చు. రాకపోవచ్చు కూడా. ఇంతకన్నా ఎక్కువ చెప్తే అబద్ధం అవుతుంది.”

“మరి నాలో ఉన్నది?” అంది ముక్కమ్మ.

“మీలో లేదు. క్రిములు ఉన్నది ఉమ్మనీటిలో, ఆ సంచిలో, మాయలో. అవన్నీ కానుపుతో బయటికి వచ్చేశాయి. మీకు మందులిచ్చాం, జ్వరం తగ్గింది, రక్తం పరీక్ష బాగుంది. పాలల్లో ఏమీ లేదు. తల్లిపాలు తాగిన ఇలాంటి పిల్లల్లో ఊపిరితిత్తుల జబ్బు కాస్త తక్కువ. కాస్తే. మీ ఒంటిమీద పడుకుంటే వాడి గుండె, ఊపిరి కుదురుగా ఉంటాయి. షెడ్డులో మీరు చేసేది కరెక్టే. ఇక్కడ మాత్రం తీసి పక్కన పెడితే వాడికే నష్టం.”

 ముక్కమ్మ తర్వాత అడిగినది ఇంకో సంగతి.

“బల్ల దగ్గర ఉన్నప్పుడు తడిగా అనిపించింది. చెమటనుకున్నా. మర్నాడు కూడా పనికెళ్ళా. అప్పుడే వచ్చుంటే?”

అత్త క్యారియరు కింద పెట్టింది.

“అప్పుడే వచ్చుంటే మందులు ఒకరోజు ముందు మొదలయ్యేవి,” అంది డాక్టరు. “దానివల్ల ఎంత తేడా వచ్చేదో నాకు తెలీదు. ఇలాంటి కేసుల్లో ఉమ్మనీరు పోయాక క్రిములు రావడం కంటే, క్రిములు వచ్చాక నీరు పోవడమే ఎక్కువ. మీకు తడి తెలిసేనాటికి అవి లోపల ఉండి ఉంటాయి. అవి బయటినుంచి తెచ్చుకున్నవీ కావు. ఆడవాళ్ళ ఒంట్లో మామూలుగా ఉండేవే. ఎందుకో ఒక్కోసారి పైకి ఎక్కుతాయి. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు.”

“తెలీదా?”

“తెలీదు.”

ఆ జవాబు ముక్కమ్మకు మిగతావాటికంటే నమ్మదగినదిగా అనిపించింది. పెద్ద సిస్టర్ చేతిలో ఉన్న సీసా వైపు చూసింది. “అవి పోయండి వాడికి,” అంది.

డాక్టరు వెళ్ళాక అత్త కోడలి పక్కన కూచుంది. క్యారియరు మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

“నాకు చెప్పకూడదటే?”

“తిడతావని.”

“తిట్టేదాన్నే. తిట్టాక వెళ్ళి డాక్టర్ని పట్టుకొచ్చేదాన్ని. ఇన్నాళ్ళు ఒక్కదానివే మోసుకుని తిరిగావు, పిచ్చిమొద్దు.” క్యారియరు మూత మళ్ళీ తీస్తూ, “ఈగంట, ఈగ,” అని ముక్కు చీదుకుంది.

ఆ సాయంత్రం పిల్లవాణ్ణి తల్లి ఛాతీ మీద పడుకోబెట్టారు. దానికి ఇద్దరు నర్సులు కావాలి. ఒకరు పిల్లవాణ్ణి ఎత్తుతారు, ఒకరు గొట్టాలూ తీగలూ పట్టుకుంటారు. ముక్కమ్మ వాలుకుర్చీలో కూచుంది. అంతకుముందు చేతులు కడగడానికి రెండోసారి లేవబోతే పెద్ద సిస్టర్ భుజం పట్టుకుని కూచోబెట్టింది. “ఇంకా కడిగితే తోలు ఊడొస్తుంది. కూచో.”

పిల్లవాడు ఆమె రెండు రొమ్ముల మధ్య బోర్లా పడుకున్నాడు. తల ఆమె గుప్పిట్లో పట్టేంత ఉంది. వీపు మీద దుప్పటి కప్పారు. వాడి బరువు ఆమెకు తెలియలేదు, వేడి మాత్రం తెలిసింది. ఆమె ఊపిరి బిగబట్టింది.

“నువ్వు పీల్చు,” అంది పెద్ద సిస్టర్. “నువ్వాపితే వాడికెట్లా తెలుస్తుంది?”

డ్రైవరు డ్యూటీ దిగి వచ్చాడు. గాజు తలుపు బయట ఆగి చూశాడు. లోపలికి వచ్చి కుర్చీ పక్కన గొంతు కూచున్నాడు.

“నేనూ పడుకోబెట్టుకోవచ్చా సిస్టర్?”

“పడుకోబెట్టుకోవచ్చు. నాన్నలు కూడా చెయ్యొచ్చు.”

“నా ఛాతీ మీదైతే వాడు తుప్పల్లో పడ్డాననుకుంటాడు,” అన్నాడు. ఎవరూ నవ్వకముందే మర అలారం కొట్టింది.

పిల్లవాడి ఛాతీ కదలడం ఆగింది. ముక్కమ్మ వాడి వీపు మీది తన చెయ్యి తీసెయ్యబోయింది. “తియ్యకు,” అంది పెద్ద సిస్టర్. పరుగెత్తలేదు. దుప్పటి అంచు ఎత్తి, పిల్లవాడి అరికాలి మీద వేలితో చిన్నగా కొట్టింది. “ఏయ్ పిడికెడూ. మర్చిపోయావా?” మళ్ళీ కొట్టింది. పిల్లవాడు ఒళ్ళంతా ఒకసారి ముడుచుకుని ఊపిరి తీసుకున్నాడు. అలారం ఆగింది.

“నా వల్లేనా?” అంది ముక్కమ్మ.

“పెట్టెలో ఉన్నప్పుడూ చేస్తాడు ఈ పని. ఈ వయసులో అందరూ మర్చిపోతారు. నీమీద ఉంటే తక్కువసార్లు మర్చిపోతాడు. ఉంచనా, తీసెయ్యనా?”

డ్రైవరు భార్య మొహం చూశాడు. ఆమె మరమీది అంకె చూసింది. అది తగ్గలేదు. పెరగనూ లేదు.

“ఉంచండి,” అంది.

మర్నాడు అంకె పెరిగింది. ఆ వారాంతానికి పిల్లవాడి గొంతులోకి గొట్టం వెయ్యక తప్పలేదు. మొదటి రోజు తప్పించుకున్నదే ఇప్పుడు వచ్చింది. ముక్కమ్మ ఆ పూట వార్డు బయట గోడకు ఆనుకుని నిలబడింది. వెనక్కి జరగడానికి ఆమెకు ఇంకో కారణం దొరికింది, ఎవరూ తప్పు పట్టరు కూడా. అత్త వచ్చి పక్కన నిలబడింది. కాసేపటికి ముక్కమ్మ తల్లుల గదికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు సీసాలో పాలున్నాయి. ఆ సీసా పెద్ద సిస్టర్‌కు ఇచ్చి, పెట్టె దగ్గరికి వెళ్ళి, గుండ్రటి కిటికీలోంచి చెయ్యి లోపల పెట్టింది. చూపుడువేలు పిల్లవాడి అరచేతికి ఆనించింది. వాడు పట్టుకున్నాడని చెప్పలేం, వేళ్ళు మూసుకున్నాయి. డ్యూటీ మారేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.

గొట్టం తీసేదాకా చాలా రోజులు పట్టింది. తీశాక మళ్ళీ ముక్కు దగ్గరి గాలి. తర్వాత అంకె తగ్గుతూ, ఒక్కోరోజు పెరుగుతూ, మళ్ళీ తగ్గుతూ వచ్చింది. ఒక వారం అంకెలో ఏ కదలికా లేదు. ఇంకో వారం పాలు గొట్టంతో కాకుండా నోటితో తాగడం నేర్చుకుని, తాగుతూ తాగుతూ ఊపిరి తీసుకోవడం మర్చిపోయి నీలంగా మారాడు. పెద్ద సిస్టర్ అరికాలు తట్టింది. డ్రైవరు రెండుసార్లు చొక్కా విప్పి వాణ్ణి ఛాతీ మీద పడుకోబెట్టుకున్నాడు. రెండుసార్లూ అతనే ముందు నిద్రపోయాడు.

కొత్తగా వార్డుకు వచ్చిన తల్లిదండ్రులకు డాక్టరు ఇప్పుడు వేరేగా చెబుతోంది. “పూత ముందే తయారైంది, గోడలు ఇంకా కట్టాలి,” అంటోంది. అలవాటు కొద్దీ ఒక్కోసారి, “ఊపిరితిత్తులు పం...” అని నోరు జారుతుంది. పెద్ద సిస్టర్ దగ్గుతుంది.

ఇంటికి పంపే రోజు వచ్చేసరికి పిల్లవాడి బరువు మూడింతలైంది. ఊపిరికి ఇంకా సాయం కావాలి. రెండు ముక్కురంధ్రాల కింద సన్నటి గొట్టం, దాన్ని బుగ్గల మీద ప్లాస్టరుతో అంటించారు. గొట్టం రెండో కొస చిన్న ఆక్సిజన్ సిలిండరుకు ఉంది. ఎన్నాళ్ళు అని డ్రైవరు అడిగితే, కొన్ని నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు, వాడే చెప్తాడు అంది డాక్టరు. ఇంట్లో పొగ ఉండకూడదు. జలుబు చేసినవాళ్ళు దగ్గరికి రాకూడదు. ముక్కమ్మ అన్నీ వింది. షెడ్డు పని ఇప్పట్లో లేదని మేస్త్రీకి ముందే చెప్పేసింది.

సిలిండరు ఎవరు మొయ్యాలన్న దానిమీద అత్తకూ డ్రైవరుకూ లిఫ్టు దగ్గర గొడవైంది.

“నువ్వు సంచులు పట్టుకో అమ్మా, అది బరువు.”

“రెండు కుట్టుమిషన్లు ఎత్తినదాన్ని. నాకా బరువు చెప్పేది?”

“మిషను పేలదు.”

“ఇదీ పేలదు, నీ నోరే పేలుతోంది.”

చివరికి సిలిండరు అత్త భుజానికే తగులుకుంది. ముక్కమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకుంది. ఇద్దరి మధ్య గొట్టం ఉంది కాబట్టి ఇద్దరూ ఒక్క అడుగు వేసినట్టు నడవాల్సి వచ్చింది. లిఫ్టు నడిపే మనిషి వాళ్ళను ఇన్ని వారాలుగా ఎరుగును. పిల్లవాడి మొహంలోకి తొంగిచూశాడు.

“ఇంటికేనా? శుభం. మరి ఈ గొట్టమేంటమ్మా, ఇంకా బాగవలేదా?”

“బాగవుతున్నాడు,” అంది అత్త.

“అవుతున్నాడంటే? అయ్యాక కదా పంపాలి.”

“అయ్యాక పంపాలంటే వీడు బడికి ఇక్కణ్ణుంచే పోవాలి. లోపల పని ఇంకా చాలా ఉంది. వాడి పని వాడు చేసుకుంటున్నాడు. నువ్వు లిఫ్టు దించు.”

అతను మీట నొక్కాడు. తలుపులు దగ్గరకు రాసాగాయి. ముక్కమ్మ గొట్టం తలుపుల మధ్య పడకుండా వేలికి చుట్టుకుని లోపలికి లాక్కుంది.